మా నూతిలో మీసాల పాము

ఆ నూతిలో పాముందని చెప్పింది నేనే. దానికి మీసాలున్నాయని చెప్పింది కూడా నేనే. అందుకని ఆ తర్వాత జరిగినదానికి ఇంకొకరిని అనడానికి నాకు నోరు లేదు.

డెబ్బైల చివరి మాట. సామర్లకోట బజారులో మాది కిరాణా కొట్టు. మా నాన్న కూర్చున్న రోజుల్లో జనం ఆ కొట్టుకి చింతపండు కోసం వచ్చేవారు. నేను కూర్చున్నాక చింతపండు పొట్లం కట్టించుకుని ఓ కబురు కూడా వినిపోయేవారు. కందిపప్పు తూస్తూ కథ మొదలుపెడితే పొట్లానికి దారం చుట్టేసరికి ముగించేవాణ్ణి. అవన్నీ కోతలని వినేవాళ్ళకీ తెలుసు, చెప్పే నాకూ తెలుసు. మా పక్కింటి లెక్కల మాస్టారైతే మొహం మీదే అనేవారు: "షావుకారుగారు చెప్పినదాంట్లో సగం కొట్టెయ్యాలండీ. మిగిలిన సగం నమ్మకూడదు."

ఆ ఏడే ఒక ఇల్లు కొన్నాను. రిటైరైన రైల్వే గార్డుగారిది. ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయి అయిదారేళ్ళయింది, ఇల్లు తాళం వేసే ఉంది. ముందు వీధి అరుగు, మధ్యలో మూడు గదులు, వెనక పెద్ద పెరడు. పెరట్లో రెండు నిమ్మచెట్లు, ఒక కరివేపచెట్టు, వాటి నడుమ పాత ఇటుక కట్టుబడి నుయ్యి. నూతి మీద కొబ్బరి దూలాలు పేర్చి, వాటి మీద రేకు పరిచి, రేకు ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టారు. చప్టా పగుళ్ళలోంచి పిచ్చిమొక్కలు నడుమెత్తున లేచాయి. తాళంచెవులు చేతికిస్తూ గార్డుగారు ఒక్కటే మాట అన్నారు. "నుయ్యి మాత్రం పాడుపెట్టకండి. ఆ నీళ్ళలో కందిపప్పు ఒక్క పొంగుకి ఉడుకుతుంది." నేను తలూపి మరిచిపోయాను. ఇంట్లో కుళాయి ఉండగా నుయ్యెందుకు?

తీరా వచ్చి చూస్తే ఆ పెరడు వీధి మొత్తానిది. వెనక గోడ మోకాలెత్తు. అయిదారేళ్ళుగా అందరి పొయ్యిలో బూడిద, విరిగిన చీపుళ్ళు, కొబ్బరి డొక్కలు అందులోకే వచ్చి పడుతున్నాయి. మా కరివేపాకు వాళ్ళ పోపుల్లోకి, మా నిమ్మకాయలు వాళ్ళ ఊరగాయ జాడీల్లోకి నడిచిపోతున్నాయి. గట్టిగా అందామంటే వాళ్ళంతా మా కొట్టుకి వచ్చేవాళ్ళే. బేరం చేసుకుని బతికేవాడు వీధితో తగువు పెట్టుకుంటాడా? అందుకని ఒక సాయంకాలం అరుగు మీద కూర్చుని, నాలుగు మొహాలు పోగయ్యాక, పామును పుట్టించాను.

"పొద్దున్న మొహం కడుక్కుంటున్నానండీ, నూతి రేకు కిందనుంచి తల బయటికి పెట్టింది. తాచు. నా ముంజేయంత లావు. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. చూద్దును గదా, మీసాలు!"

"పాముకి మీసాలేంటండీ?" అంది ఎదురింటి పిన్నిగారు.

"వయసు మళ్ళిన తాచుకి వస్తాయండీ పిన్నిగారూ. కుడివైపుది నల్లగా ఉంది. ఎడంవైపుది నెరిసింది."

ఆ నెరిసిన మీసమే పని చేసింది. వట్టి మీసాలంటే మాస్టారు ఒక్క చీదుడుతో కొట్టిపారేసేవారు. ఒకటి నెరిసిందనేసరికి ఆయన కూడా ఆలోచనలో పడ్డారు. మర్నాటి నుంచి గోడ మీదుగా బూడిద రాలేదు. నిమ్మకాయలు చెట్టునే పండి రాలాయి. లోపలినుంచి అంతా విన్న మా ఆవిడ మాత్రం, "రేపు దానికి కళ్ళజోడు కూడా పెట్టించండి. ముసలిది, చూపు ఆనదేమో" అంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కార్తీకమాసం వచ్చింది, నాగుల చవితి వచ్చింది. పుట్ట ఎక్కడో ఊరి బయట ఉంది. ఇంత దగ్గర్లో మీసాల స్వామి ఉండగా అంత దూరం నడవడం దేనికని వీధి ఆడవాళ్ళంతా తలస్నానాలు చేసి మా పెరట్లోకి వచ్చేశారు. రేకు ఒక పక్క ఎత్తి, ఒక దూలం జరిపి, ఆ సందులోంచి పాలు పోశారు. చలిమిడి వేశారు, చిమ్మిలి వేశారు, కోడిగుడ్లు వేశారు. గుడ్డన్న పేరెత్తని ఇల్లు మాది. అడ్డుపడదామంటే ఏమని అడ్డుపడను? పాము లేదనాలి. ఉందన్నది నేనే. నేను కూడా చేతులు జోడించి నిలబడ్డాను. చవితి అయిపోయినా వాళ్ళ భక్తి అవలేదు. మంగళవారం మంగళవారం ఎవరో ఒకరు వచ్చి సందులోంచి ఏదో ఒకటి వదిలి వెళ్ళేవారు.

వేసవి వచ్చింది. కాలువలు కట్టేశారు. మా కుళాయి రెండు రోజులు సన్నగా ఏడ్చి, మూడోనాడు అది కూడా మానేసింది. వీధి చివర బోరింగు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళలో పప్పు గంటసేపు ఉడికినా విస్తట్లో గులకరాళ్ళలా దొర్లేది. పప్పులమ్ముకునేవాడి ఇంట్లో పప్పు ఉడకలేదంటే కొట్టు పరువేం కావాలి? "గార్డుగారి నుయ్యి బాగుచేయించండి" అంది మా ఆవిడ. సరే అని పూడిక తీసేవాళ్ళకి కబురు పెట్టాను. ఊళ్ళో ఒక్కడు రాలేదు. "స్వామి ఉన్న నూతిలో గునపం వేస్తే మా వంశం మిగుల్తుందాండీ?" అన్నారు.

అప్పుడు, బుద్ధెరిగాక మొదటిసారి, అరుగు మీద కూర్చుని నిజం చెప్పాను. పాము లేదు, మీసాలు లేవు, అంతా నిమ్మకాయల కోసం కట్టిన కథ అని. ఒక్కరూ నమ్మలేదు. "పాపం, స్వామి కల్లోకి వచ్చి ఏదో భయపెట్టుంటాడు. అందుకే లేదంటున్నారు" అంది పిన్నిగారు. మాస్టారు నా భుజం తట్టి, "నెరిసిన మీసం మీరు ఊహించి చెప్పేది కాదండీ" అన్నారు.

చివరికి పెద్దాపురం అవతల మెట్ట ఊళ్ళ నుంచి ఒక పెద్దాయన్ని తెప్పించాను. అరవై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం మోకు తాళ్ళలా మెలితిరిగి ఉండేవి. వెంట అతని బావమరిది, నాలుగడుగుల వెడల్పు మనిషి, తాడు లాగడానికి. లోతు నూతులు మెట్ట మీదే ఎక్కువ, వాటిలో దిగడం వాళ్ళకే తెలుసు. అయితే బస్సు దిగి టీ తాగేలోపలే వాళ్ళకి కథ అందిపోయింది.

"పాముందంటగదండి," అన్నాడు పెద్దాయన నూతి చుట్టూ ఒకసారి తిరిగి.

"లేదయ్యా. ఉత్తిదే. నేనే చెప్పాను."

"ఎందుకండి?"

"నిమ్మకాయల కోసం."

చెట్ల వంక చూశాడు, నా వంక చూశాడు. "నిమ్మకాయలకి అంత పామెందుకండి. జెర్రిగొడ్డు సాల్దా?"

"ఒట్టేసి చెబుతున్నాను, ఏ పామూ లేదు."

"ఆయ్, అయితే సిక్కేవుంది. తవరే ముందు దిగి, కిందదాకా ఎల్లొచ్చెయ్యండి. ఇంటాయన దిగొచ్చిన నూతిలో మేం దిగుతాం. లేదంటే సాయంత్రం బస్సుకి ఎల్లిపోతాం."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. "మీ పామేగా," అంది. "మీరే పలకరించి రండి."

కొట్లో నేను చెప్పే కథల్లో ఎలుగుబంటికి దారి చూపించినవాణ్ణి నేను. వరద గోదావరి మీద తలగడ వేసుకుని నిద్రపోయినవాణ్ణి నేను. అసలు సంగతేమిటంటే బల్లి మీద పడితే రెండుసార్లు స్నానం చేసే రకం.  పాము లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉందని నమ్మేవాళ్ళు వీధి నిండా ఉన్నారు. అంతమంది నమ్మకం ముందు ఒక్కడి తెలివి ఎంతసేపు నిలబడుతుంది? ఆ రాత్రి పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కోవాలన్నా మా ఆవిడను తోడు పిలిచాను. కుడివైపు మీసం నల్లగా, ఎడంవైపుది తెల్లగా నాకు కనిపించడం మొదలైంది.

మర్నాడు దూలాలు తీశారు. లోపలినుంచి ఒక చల్లటి గాలి, ఎన్నాళ్ళుగానో మూతపెట్టిన జాడీ తీసినట్టు, మొహాన కొట్టింది. అయిదు నిలువుల నుయ్యి. అడుగున నల్లగా ఏదో మెరిసింది. నీళ్ళో, బురదో, కన్నో తెలియలేదు. నేను వెనక్కి వచ్చేశాను.

పెద్దాయన తొందరపడే మనిషి కాదు. ఒక పగలంతా నూతిని తెరిచి ఉంచాడు. వేపకొమ్మలు తాడుకి కట్టి పైకీ కిందకీ ఊపాడు. "పాత నూతిలో సెడుగాలి ఉంటాదండి. అది పాముకన్నా సెడ్డది. సప్పుడు సెయ్యదు," అన్నాడు. మూడోరోజు పొద్దెక్కాక, ఎండ నూతిలోకి నిటారుగా పడుతున్న వేళ, లాంతరు వెలిగించి కిందికి దింపాడు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. దీపం అడుగుదాకా వెళ్ళింది, వెలుగుతూనే ఉంది.

"ఆరితే దిగక్కర్లేదు గదా?" అన్నాను ఆశగా.

"ఆర్లేదు గదండి."

గట్టు మీద మూడు కర్రలు నిలబెట్టి గిలక కట్టారు. పీటకి మోకు బిగించి నన్ను కూర్చోబెట్టారు. చంకల కిందనుంచి ఇంకో తాడు వేశారు. లాంతరు చేతికిచ్చారు. అప్పుడు పెద్దాయన వంగి నా చెవి దగ్గర చెప్పాడు.

"లోపలికెల్లాక నోరు ఆపకూడదండి. పాడతారో, దండకం సదూతారో, తిడతారో మీ ఇష్టం. గొంతు ఇనిపిస్తన్నంతసేపూ మడిసి బాగున్నట్టు. గొంతు ఆగిందా, ఇంకేం అడక్కుండా లాగేత్తాం. మా నాన్న కాణ్ణుంచి అదే పద్దతి."

గట్టు మీద మూగిన జనంలోంచి మాస్టారు నవ్వారు. "నోరు ఆపకూడదంటే ఈయనకి చెప్పాలా? రేపటిదాకా కిందనే ఉండిపోతారు."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. అయితే పీట గాల్లోకి లేచి నా కాళ్ళకింద నేల పోయినప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు. కొంగు చివర నోట్లో కుక్కుకుంది.

మొదలుపెట్టాను. ఏ కథైనా ఫరవాలేదు, నోరు ఆడాలి. మా తాత పులసచేప మీద ఎక్కి ధవళేశ్వరం వచ్చిన కథ అందుకున్నాను.

"అంతర్వేది దగ్గర లాంచీ తప్పిపోయిందండీ మా తాతకి! వర్షాకాలం! గోదారి ఎర్రగా పొంగుతోంది! ఒడ్డున నిలబడి ఏడుస్తుంటే ఒక పులస తల బయటపెట్టి, నేను ధవళేశ్వరం దాకా ఎదురెక్కుతున్నాను, వస్తావా అంది!"

పైనుంచి మాస్టారి గొంతు: "పులస ఎందుకు నమ్మిందండీ మీ తాతని?"

"కోమటిగారు గదండీ! తినరని దానికి తెలుసు!"

పైన గొల్లుమన్నారు. ఆ నవ్వు నూతి గోడలకి తగిలి నాలుగింతలై నా చుట్టూ తిరిగింది. నాకు మాత్రం పళ్ళు టకటకమంటున్నాయి. ఇటుకల సందుల్లోంచి తడి ఆకులు మెడకి తగిలినప్పుడల్లా కథలో ఒక కేక కలిపాను. పైవాళ్ళు అది కూడా కథే అనుకున్నారు. ప్రతి ఇటుక సందూ ఒక కలుగులాగే ఉంది. ప్రతి కలుగులోనూ ఏదో ఇప్పుడే తల లోపలికి తీసుకున్నట్టు ఉంది. తలెత్తి చూస్తే ఆకాశం అప్పడమంత అయింది. గట్టు చుట్టూ తలకాయలు నల్లగా, ఎవరివో పోల్చుకోలేకుండా.

నా పాదాలు బురదకి తగిలాయి. మోకాటి లోతు. చుట్టూ చూశాను. పాము లేదు. నిజంగానే లేదు! ఎంత సంతోషించానో చెప్పలేను. లేచి నిలబడి, పెద్దాయన చెప్పినట్టు గట్టి నేల ఎంత లోతున ఉందో చూద్దామని కాలు బురదలోకి బలంగా తొక్కాను.

బుడబుడమని బుడగలు లేచాయి. కుళ్ళిన గుడ్డు కంపు ముక్కుకి కొట్టింది, వెంటనే కంపు పోయింది కూడా. లాంతరు వంక చూశాను. ఆ చిమ్నీలో వెలుగు నీలంగా మారి, వత్తిని అంటిపెట్టుకుని ఒక్కసారి వణికి, ఆరిపోయింది.

"దీపం ఆరిపోయింది!" అని అరిచాను. "లాగండి! లాగండి!"

పైన మళ్ళీ నవ్వులు. మాస్టారు వంగి, "తాతగారు ఎక్కడిదాకా వచ్చారండీ? చీకటి పడిపోయిందా?" అన్నారు.

"తాత కాదు! నేను! నేనండీ! పైకి లాగండి!"

"ఆ మాట పులస అంటుందా, తాత అంటాడా?"

లాంతరు నా పొట్ట దగ్గర ఉంది. పైనుంచి చూసేవాళ్ళకి నా నెత్తి తప్ప ఏమీ కనబడదు. అది ఆరిందని వాళ్ళకెలా తెలుస్తుంది? నేను చెప్పాలి. నేను చెబితే ఎవరు నమ్ముతారు? ఇంకో రెండు కేకలు వేశాను. కేక వేసినప్పుడల్లా గుండెల నిండా అదే గాలి పీలుస్తున్నాను.  తలలో గిలక తిరుగుతున్నట్టు చప్పుడు. అయిదు నిలువుల పైన నా భార్య ఉంది, మా వీధి మొత్తం ఉంది, అంతా నా మాట వింటూ నవ్వుతున్నారు. నేను వాళ్ళ నవ్వు వింటూ చచ్చిపోబోతున్నాను. ఇంత భయం నాకు అంతకుముందు లేదు, తర్వాత కూడా లేదు.

అప్పుడు బుర్రలో మిగిలిన కాస్త వెలుగులో పెద్దాయన మాట గుర్తొచ్చింది. గొంతు ఆగితే లాగేస్తారు.

నోరు మూశాను.

చెప్పడానికి తేలిగ్గా ఉంది. అరవాలని ఒళ్ళంతా కొట్టుకుపోతుంటే పళ్ళు బిగించి, రెండు చేతులతో తాడు పట్టుకుని, ఒక్క శబ్దం రాకుండా ఆగడం ఎలా ఉంటుందో నేనెన్నిసార్లు చెప్పాలని చూసినా నాకు సరిగ్గా రాలేదు. పైనుంచి "ఊఁ, తర్వాతండీ?" అని వినిపించింది. నేను పలకలేదు. "కథ మరిచిపోయారేంటండీ?" నేను పలకలేదు. ఇంకెవరో నవ్వారు. పలకాలనిపించింది. ఒక్క మాట అంటే వాళ్ళు మళ్ళీ నవ్వుతారు, తాడు కదలదు.

ఆ తర్వాత నాకు తెలిసింది మా ఆవిడ గొంతు ఒక్కటే. మాటలు కూడా కావు, అరుపు. తాడు నా చంకల్లో కోసుకుపోయింది. ఇటుకలు వీపుకి రాచుకున్నాయి. ఇంకేమీ గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి చప్టా మీద బోర్లా ఉన్నాను. కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేసింది. మా ఆవిడ చెంబు మీద చెంబు నెత్తిన పోస్తోంది. నీళ్ళకి కరువైన రోజుల్లో బిందెడు నీళ్ళూ పోసేసింది. "లాగండి, లాగండి అని నేనే అరిచాను," అంటోంది ఎవరితోనో. "తుమ్ము వచ్చినా కథ ఆపని మనిషి. ఆపాడంటే బతికి లేడనే అనుకున్నాను." తర్వాత నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "ఒక్క మాట మాట్లాడండి. ఏదో ఒకటి. అబద్ధమైనా సరే."

ఆమె కొంగు అందుకుని మూతి తుడుచుకున్నాను.

పెద్దాయన తలపాగా తీసి కింద కూర్చున్నాడు. "తప్పు నాదండి. నేనూ నవ్వేనండి. గొంతు ఇనాలిగానీ కత ఇనకూడదు. మా నాన్న ఉంటే నన్ను నూతిలోకే తోసేవోడు." మాస్టారు రెండు రోజులు మా గుమ్మం తొక్కలేదు. మూడోనాడు ఒక బిందెడు నీళ్ళు తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు.

నుయ్యి మూసేయించమంది మా ఆవిడ. దూలాలు మళ్ళీ పేర్పించండి, ఉప్పునీళ్ళయినా తాగుదాం అంది. నాకూ అదే బాగుందనిపించింది. పెద్దాయన మాత్రం, "ఇంటాయన దిగొచ్చేసేడు గదండి. మాట ఇచ్చేను," అన్నాడు. ఇంకో రెండు రోజులు కొమ్మలతో గాలి కొట్టాడు. పొడుగాటి వెదుళ్ళు కట్టి అడుగు బురదంతా కెలికించి, బుడగలు రావడం ఆగేదాకా కూర్చున్నాడు. మళ్ళీ కెలికించి, మళ్ళీ దీపం దింపాడు. దీపం నిలిచింది. అప్పుడు పీట మీద కూర్చుని, "బావమరిది లాగుతాడు. గట్టుకాడ తాడు మీరే పట్టుకోవాలండి," అన్నాడు నాతో.

"నేనెందుకయ్యా? నా చేతులు వణుకుతున్నాయి."

"అందుకేనండి. ఆ గాలి ఎలాగుంటాదో తెలిసిన సెయ్యి అది."

నేను దిగినప్పటి భయం వేరు. ఆ భయంలో నాకు చెయ్యడానికి ఏదో ఉంది. పైన నిలబడి తాడు పట్టుకున్నవాడికి చెయ్యడానికి వినడం తప్ప ఏమీ లేదు. అరిచేతుల్లో చెమటకి తాడు జారుతుంటే మా ఆవిడ బూడిద తెచ్చి రాసింది.

"మాట్లాడవయ్యా!" అన్నాను, అతని తల గట్టు దాటకముందే.

"ఆయ్. నాకు తవరిలాగ కతలు రావండి. మా గేది సంగతి సెప్తాను. అది మా ఆడోళ్ళు పితికితేనే పాలిస్తాదండి. నన్ను దగ్గరికి రానివ్వదు. ఒకపాలి మా ఆడది పుట్టింటికెల్లిందండి..."

గొంతు కిందికి దిగిపోయింది, చిన్నదైంది. జనం ఎప్పటిలాగే నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. గేదె ఏమైందో నాకు అక్కర్లేదు. ఒక మాటకీ ఇంకో మాటకీ నడుమ ఎంత సందు వస్తోందో అదే వింటున్నాను. మధ్యలో అతను దగ్గాడు. దగ్గు కోసం మాట ఆగిందో లేదో నేను తాడు గుంజేశాను. బావమరిది కూడా గుంజాడు.

"అబ్బా! దగ్గనివ్వరేంటండీ!" అని కిందనుంచి కేక.

తట్టలు పైకి రావడం మొదలైంది. మొదటి తట్ట చప్టా మీద బోర్లిస్తే గుడ్డుపెంకులు, నల్లబడిన పూలదండలు, ముద్దకట్టిన చలిమిడి, కుళ్ళిన విస్తరాకులు. రెండో తట్టలోనూ అవే. మూడో తట్టలోనూ అవే. గుప్పుమని అదే కంపు. ఆడవాళ్ళు కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిన్నిగారు నా వంక చూసి తల దించుకుంది. ఆవిడ తల దించుకోవలసిన పని లేదు. నా పాము తినకుండా వదిలేసినదంతా అది. నేను కట్టిన కథ ఆరునెలలపాటు అక్కడ కుళ్ళి, విషమై, మొన్న నన్ను పట్టుకుంది. ఇప్పుడు దాని నడుమ ఆ ముసలాయన మోకాళ్ళ లోతున నిలబడి గేదె సంగతి చెబుతున్నాడు. అతనికేమైనా అయితే ఆ మెట్ట ఊరికి వెళ్ళి నేనేమని చెప్పాలి? నిమ్మకాయల కోసమనా?

"పూడిక తీసేసేనండి... సీర కట్టుకుని ఎల్దామనుకున్నానండి... మా ఆడదాని సీర... ఉండండి ఉండండి, కాళ్ళకింద సల్లగా ఉన్నాదండి... ఊట తగిలిందండోయ్!"

వీధి ఒక్కసారిగా కేకలేసింది. చప్పట్లు, ఈలలు. గోడ మీద కూర్చున్నవాళ్ళు పెరట్లోకి దూకేశారు. ఎవరో మాస్టారిని కావలించుకున్నారు. ఆ సంబరంలో నాకు నూతిలోంచి ఏమీ వినబడలేదు. గట్టు మీదికి వంగాను. చీకటి. "ఏమయ్యా!" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. నవ్వుతున్న ఇన్ని మొహాల మధ్య, అయిదు నిలువుల కింద ఒక మనిషి మాట ఆగిందో సాగుతోందో నాకు తెలియడం లేదు.

"నోళ్ళు ముయ్యండి!" అని అరిచాను.

ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని షావుకారు వీధి మొత్తాన్ని పట్టుకుని అలా అరిచేసరికి అందరూ కొయ్యబారిపోయారు. ఈల వేస్తున్నవాడి నోట్లో వేళ్ళు అలాగే ఉండిపోయాయి. నిమ్మచెట్టు మీద పిట్ట రెక్కలు కొట్టుకోవడం వినిపించింది. నూతిలోంచి ఏమీ లేదు. ఒక క్షణం. ఇంకో క్షణం. నేను బావమరిది వంక చూసి తాడు బిగించాను.

"...ముసుగేసుకుని ఎల్లేనండి," అంది ఆ గొంతు అడుగునుంచి, ఎంతో తాపీగా. "అది నా మొహం ఇలాగ వాసన సూసి..."

"లాగండి!" అన్నాను.

"కత అవ్వలేదండి!"

"పైకొచ్చి చెబుదువుగాని. లాగండి."

దారి పొడుగునా అతను చెబుతూనే వచ్చాడు. గిలక కిర్రుమంటుంటే గేదె ఏం చేసిందో, పొరుగువాళ్ళు ఏం చూశారో ఒక్కొక్క ముక్కా పైకి వచ్చింది. బురద తల కనిపించింది, భుజాలు కనిపించాయి. మా ఆవిడ అతని చెయ్యి పట్టుకుని గట్టు దాటించింది. అతను చప్టా మీద రెండు కాళ్ళూ ఆనించి, మొహం మీద బురద తుడుచుకుని, చుట్ట కోసం తడుముకునేదాకా నేను తాడు వదల్లేదు.